సైట్ కట్టేటప్పుడే గూగుల్‌కు దారి వేసుకోవడం ఎలా?

"అన్నా, మా దుకాణం పేరు కొడితే సైట్ వస్తాది. కడప బండలు అని కొడితే మాత్రం ఎక్కడా కనపడలేదు. ఇప్పుడు ఎస్‌ఈఓ ఎవరితో చేయించాల?"

వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతారు. ఎస్‌ఈఓ అంటే గూగుల్‌లో వెతికినప్పుడు సైట్ పైన కనపడేలా చేసే పని. కడప నుంచి, ప్రొద్దుటూరు నుంచి, అనంతపురం నుంచి, కర్నూలు నుంచి. కొందరు దుకాణదారులు, కొందరు వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుని మొదటి క్లయింట్‌ను పట్టుకున్న పిల్లలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

సైట్ ఒకరు కట్టి, ఎస్‌ఈఓ తర్వాత ఇంకొకరు చేసే పద్ధతి వల్ల చాలామంది రెండుసార్లు డబ్బు కడుతున్నారు. ఇంట్లో బండలు పరిచి, సందుల్లో సిమెంటు పోసి, పాలిష్ కూడా పట్టించాక నీళ్ల పైపు గుర్తొస్తే పరిచిన బండలే లేపాలి. సైట్‌లోనూ అదే జరుగుతుంది. పేజీల చిరునామాలు, ఫొటోల బరువు, ఫాంట్లు, లింకులు అన్నీ డెవలపర్ చేతిలోని పనులు. గూగుల్ చూసేదీ వాటినే. అందుకే రెండింటినీ కలిపి ఒకే వరుసలో చెబుతాను.

ఎర్రగుంట్ల దగ్గర పాలిష్ యూనిట్ నడిపే ఒకాయనకు ఆ మధ్య సైట్‌ను మొదటి నుంచి మళ్లీ కట్టి ఇచ్చాను. ఉదాహరణలన్నీ ఆ పనిలోవే. మీది పట్టుచీరల దుకాణమైనా, కోచింగ్ సెంటరైనా చేయాల్సింది ఇదే.

కావలసినవి

- డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) లాగిన్‌లు. ఇవి యజమాని పేరు మీద, యజమాని మెయిల్‌తోనే ఉండాలి. డెవలపర్ పేరు మీద ఉంటే మిగతా పనులు మొదలుపెట్టకముందే మార్పించుకోండి.
- గూగుల్ సెర్చ్ కన్సోల్ ఖాతా. గూగుల్‌లో మీ సైట్ ఎలా కనపడుతోందో చూపించేది ఇదే. ఉచితం.
- గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, మ్యాప్స్‌లో దుకాణం వివరాలు చూపించేది. ఇదీ ఉచితమే.
- కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్. సైట్ వేగాన్ని, పొరపాట్లను చూపే లైట్‌హౌస్ పరీక్ష అందులోనే ఉంటుంది.
- ఫొటోల బరువు తగ్గించడానికి స్క్వూష్ లాంటి ఉచిత పరికరం.
- రెండు మూడేళ్లు వాడిన మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, మొబైల్ డేటా. ఆఫీసు వైఫైలో, కొత్త ఫోన్‌లో చూసి "బాగానే వస్తోంది" అనుకుంటే మోసపోతాం.
- ఒక నోటుపుస్తకం. మొదటి దశకు ఇదే ముఖ్యం.

1. జనం ఏ మాట కొడతారో ముందు రాసుకోండి

కోడ్ తెరవకముందు ఒక వారం దుకాణంలో ఫోన్ దగ్గర కూర్చోండి, లేదా ఫోన్ ఎత్తేవాళ్లకు నోటుపుస్తకం ఇవ్వండి. అడిగేవాళ్లు వాడిన మాటలను వాళ్లు పలికినట్టే రాయాలి. మా పుస్తకంలో పడినవి: "అడుగు ఎంత?", "మెట్లకు ఎంత మందం వేయాలి?", "వంటింట్లో అరలకు కోసిస్తారా?", "బెంగళూరుకు లారీ పంపిస్తారా?" ఒక్కరు కూడా "నాణ్యమైన సహజ శిలా పరిష్కారాలు" అని అడగలేదు. పాత సైట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నది మాత్రం అదే.

ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ. మెట్ల బండలకు ఒకటి, వంటింటి అరలకు ఒకటి, ధరలకు ఒకటి, రవాణాకు ఒకటి. అన్నీ ఒకే పేజీలో కుక్కితే ఆ పేజీ దేని గురించో గూగుల్‌కూ తెలియదు, చదివేవాళ్లకూ తెలియదు.

మన ఊళ్లకు స్పెల్లింగ్ సమస్య ఒకటుంది. 2005 దాకా కడప పేరును ఇంగ్లిష్‌లో సీ, యూ, రెండు డీలతో రాసేవాళ్లు. బయటి రాష్ట్రాల వ్యాపారులు చాలామంది ఈ బండలను ఇప్పటికీ ఆ స్పెల్లింగ్‌తోనే వెతుకుతారు. కొందరు కే అక్షరంతో మొదలుపెట్టి రెండు పీలు పెడతారు. మన దగ్గర "నాపరాళ్లు" అంటారు. అనంతపురం వాళ్లకైతే టీ పక్కన హెచ్ ఉన్నదీ లేనిదీ, చివర యూ ఉన్నదీ లేనిదీ, ఎన్ని రకాలో.

ఇక్కడ చేసే పెద్ద తప్పు ఈ స్పెల్లింగులన్నీ పేజీ అడుగున వరుసగా పేర్చడం. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచడం ఇంకా చెడ్డది, అది గూగుల్ నియమాలకు విరుద్ధం. కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో కంటికి కనపడకుండా ఉండే మాటల జాబితా) నింపినా ఫలితం లేదు. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇంగ్లిష్ పేజీలో "ఈ రాయిని పాత స్పెల్లింగ్‌తో ఇలా కూడా పిలుస్తారు" అని ఒక వాక్యం మామూలుగా రాస్తే చాలు.

2. చిరునామాలు ఖాయం చేయండి

పేజీ చిరునామా పొట్టిగా, ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టమని నా సలహా. తెలుగులో పెట్టినా గూగుల్ చదువుతుంది, ఇబ్బంది లేదు. కానీ ఆ లింకును కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు ప్రతి తెలుగు గుర్తూ 9 అక్షరాల కోడ్‌గా మారిపోతుంది. "కడప" అనే మూడక్షరాలు 27 అవుతాయి. "కర్నూలు" అన్న మాటలో వత్తు, గుణింతాలు కలిపి 7 గుర్తులు, అంటే 63. అంత పొడుగు లింకు చూసి ఇదేదో మోసం లింకు అని నొక్కనివాళ్లున్నారు.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న చిరునామా, లేని చిరునామా రెండింటిలో ఒకటి ఎంచుకుని, రెండోదాన్ని 301 రీడైరెక్ట్‌తో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) దానికి మళ్లించండి. హెచ్‌టీటీపీఎస్ (ఫోన్‌కు, సైట్‌కు మధ్య సమాచారం ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) తప్పనిసరి. దానికి కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

జాగ్రత్త: పాత సైట్ తీసేసి కొత్తది కడుతుంటే పాత పేజీల చిరునామాలన్నీ ముందే జాబితా రాసుకోండి. ప్రతిదాన్నీ కొత్త సైట్‌లో దానికి సరిపోయే పేజీకి 301తో పంపాలి. అన్నింటినీ హోమ్‌పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కేయవచ్చు.

3. తెలుగు అక్షరాలు నిజంగా అక్షరాలేనా?

మన జిల్లాల్లో సైట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, అందుకని కొంచెం నింపాదిగా చెబుతాను.

చాలా దుకాణాలకు పాంప్లెట్ ముందు తయారవుతుంది, సైట్ తర్వాత వస్తుంది. పాంప్లెట్‌ను డీటీపీ సెంటర్‌లో అను లాంటి పాత ఫాంట్లతో కొడతారు. ఆ ఫైల్‌లో కళ్లకు తెలుగు కనిపించినా లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాలు) కాదు. దాన్ని కాపీ చేసి సైట్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. అది చూసి డెవలపర్ ఏం చేస్తాడంటే, పాంప్లెట్‌నే ఫొటోగా సైట్‌లో పెట్టేస్తాడు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. వెతుకులాటకు ఆ పేజీ దాదాపు ఖాళీ. నేను మళ్లీ కట్టిన సైట్‌లో ధరల పట్టిక అంతా ఇలాంటి ఒక్క ఫొటోలోనే ఉంది. ఫోన్‌లో రెండు వేళ్లతో లాగి పెద్దది చేస్తే తప్ప అంకెలు కనపడవు.

పరీక్ష సులువు. మీ ఫోన్‌లో సైట్ తెరిచి, ఒక తెలుగు పేరా మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. అదే తెలుగు వస్తే సరి. గజిబిజి గుర్తులొస్తే పాత ఫాంట్. అసలు సెలెక్టే కాకపోతే అది బొమ్మ. పాత ఫాంట్ టెక్స్ట్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులొస్తాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే. రెండు మూడు పేజీలైతే కొత్తగా టైప్ చేయడమే త్వరగా తెములుతుంది.

తర్వాత వెబ్ ఫాంట్, అంటే పేజీతోపాటు దిగే ఫాంట్. తెలుగు ఫాంట్ ఫైళ్లు ఇంగ్లిష్ వాటికంటే బాగా బరువు, ఎందుకంటే గుణింతాలు, వత్తుల కలయికలన్నింటికీ ఆకారాలు అందులో ఉండాలి. కాబట్టి ఒకే ఫాంట్, మామూలుది ఒకటి, బొద్దుది ఒకటి, అంతకు మించి వద్దు. డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 రూపంలో (వెబ్ కోసం బరువు తగ్గించిన ఫాంట్ ఫైల్) పెట్టి, కోడ్‌లో ఫాంట్ డిస్‌ప్లే దగ్గర స్వాప్ అని రాయండి. అప్పుడు ఫాంట్ దిగేలోపు కూడా ఫోన్‌లోని సొంత ఫాంట్‌తో అక్షరాలు కనిపిస్తాయి. దీనికి ప్రత్యామ్నాయం వెబ్ ఫాంటే పెట్టకపోవడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా తెలుగు ఫాంట్ ముందే ఉంటుంది, చదవడానికి అది చాలు. బండల సైట్‌కు నేను అదే చేశాను.

వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కు సరిపోయినంత పెడితే పై వరుస వత్తులు కింది వరుస తలకట్టుకు తగులుతాయి. అక్షరం సైజుకు 1.7 రెట్ల దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ (పేజీని రాసే కోడ్) ట్యాగ్‌లో చెప్పడం మర్చిపోకండి. తయారు టెంప్లేట్లలో అది ఇంగ్లిష్ అనే ఉంటుంది.

4. పేజీ ఎముకలు

ప్రతి పేజీకి దానిదే అయిన టైటిల్ ఉండాలి. "హోమ్" అని కాకుండా "మెట్లకు కడప బండలు: మందం, ధర, కోత" అన్నట్టు. పెద్ద శీర్షిక ఒకటి, దాని కింద చిన్నవి. మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద కనిపించే వివరణ) ర్యాంకును పెంచదు, కానీ చదివి నొక్కాలనిపించేలా రెండు వాక్యాలు రాయండి. గూగుల్ కొన్నిసార్లు దాన్ని వదిలేసి పేజీలోంచి వేరే వాక్యం తీసుకుంటుంది, అది మామూలే.

లింకులు నిజమైన లింకులుగా, అంటే ‘a’ అనే ట్యాగ్‌లో చిరునామాతో ఉండాలి. బటన్ నొక్కితే జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) పేజీ మార్చేలా రాస్తే గూగుల్‌కు ఆ దారి కనిపించదు. రియాక్ట్‌తో (జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే పరికరం) కట్టే పిల్లలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. గూగుల్ జావాస్క్రిప్ట్ నడిపి చూడగలదు, నిజమే. అయినా పదార్థమంతా సర్వర్ నుంచే హెచ్‌టీఎంఎల్‌గా వచ్చేలా కట్టడం క్షేమం. ఐదారు పేజీల దుకాణం సైట్‌కు రియాక్ట్ అవసరమే లేదని నా అభిప్రాయం.

5. ఫొటోలు

ఎర్రగుంట్ల సైట్ హోమ్‌పేజీలో తిరిగే బొమ్మలు ఐదుండేవి. కెమెరాలోంచి తీసినవి తీసినట్టే, ఒక్కోటి 5 ఎంబీ పైనే. ఆయన ఫోన్‌లో పెట్టి చూపిస్తే తెల్లటి పేజీ, తిరిగే చక్రం, తర్వాత బండ మీద బండ పేర్చినట్టు ఫొటో పైనుంచి కిందికి నిదానంగా దిగింది. "నేనైతే ఈపాటికి వెనక్కి పోయేవాణ్ణన్నా" అన్నాడాయన.

గూగుల్ ఇక్కడ కొలిచేది ఎల్‌సీపీ, అంటే తెర మీద కనిపించే అతి పెద్ద వస్తువు ఎంతసేపటికి వచ్చిందన్నది. 2.5 సెకన్లలోపు రావాలి. దుకాణం సైట్లలో ఆ పెద్ద వస్తువు దాదాపు ఎప్పుడూ పైనున్న ఫొటోనే.

చేయాల్సింది ఈ వరుసలో:

ముందు తిరిగే బొమ్మలు తీసేసి మంచి ఫొటో ఒకటి పెట్టండి. యజమానిని ఒప్పించడం కష్టమే. మిగతా నాలుగూ సరైన పేజీల్లోకి వెళ్తాయని చెప్పండి. ఫొటో వెడల్పును తెరకు కావలసినంతకు తగ్గించి, వెబ్‌పీ రూపంలోకి మార్చండి. పైనుండే ఫొటోను 150 కేబీ లోపు తేవాలని నేను లెక్క పెట్టుకుంటాను. ఫోన్‌కు చిన్నది, కంప్యూటర్‌కు పెద్దది వెళ్లేలా సోర్స్‌సెట్ రాయండి.

ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు కోడ్‌లో ఇవ్వండి. ఇవ్వకపోతే ఫొటో దిగినప్పుడు కింద ఉన్నదంతా జారుతుంది. ఫోన్ నంబర్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది. ఈ జారుడుకు కొలత సీఎల్‌ఎస్, అది 0.1 దాటకూడదు.

ఇక్కడ జరిగే తప్పు: లేజీ లోడింగ్ (ఫొటో తెర దగ్గరికి వచ్చాకే దించే పద్ధతి) మంచిదని విని అన్ని ఫొటోలకూ పెట్టేస్తారు. కిందున్న వాటికి మంచిదే. పైనున్న ముఖ్యమైన ఫొటోకు పెడితే అది ఆలస్యమవుతుంది. దానికి లేజీ తీసేసి, ఫెచ్ ప్రయారిటీ హై అని రాయండి.

ఆల్ట్‌లో (కోడ్‌లో ఫొటోకు ఇచ్చే వివరణ) ఫొటోలో ఏముందో రాయండి. "పాలిష్ పట్టిన నల్ల కడప బండతో వేసిన మెట్లు" అంటే చాలు. "కడప బండలు కడప స్టోన్ బెస్ట్ ప్రైస్" అని రాస్తే చూపు లేనివాళ్ల ఫోన్ ఆ చెత్తనే చదివి వినిపిస్తుంది. ఆల్ట్ మొదట ఉన్నది వాళ్ల కోసం.

6. బరువు దించండి

నొక్కినప్పుడు పేజీ ఎంత త్వరగా స్పందించిందన్నది ఐఎన్‌పీ. 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత స్థానంలో ఇది వచ్చింది, కాబట్టి పాత పాఠాల్లో ఎఫ్‌ఐడీ కనపడితే దాటేయండి.

దీన్ని పాడుచేసేవి చాట్ డబ్బాలు, పాప్-అప్‌లు, వాడని ప్లగిన్‌లు (సైట్‌కు తగిలించే అదనపు భాగాలు). వాట్సాప్ బటన్‌కు ప్లగిన్ ఎందుకు? మామూలు లింకు ఒకటి చాలు. మ్యాప్ కూడా పేజీతోపాటే దిగనక్కర్లేదు, "దారి చూపించు" అని మ్యాప్స్‌కు లింకివ్వండి. వర్డ్‌ప్రెస్‌తో (సైట్లు కట్టే తయారు సాఫ్ట్‌వేర్) కట్టి ఉంటే ఒక్కో ప్లగిన్ ఆపి, పేజీ వేగం మళ్లీ కొలవండి. ఆపినా ఎవరికీ తేడా తెలియనివి తీసేయండి.

7. సర్వర్

కొనేవాళ్లు మన దేశంలోనే ఉంటే సర్వర్ కూడా ముంబై లాంటి చోట ఉండటం మంచిది. మొదటి స్పందన 0.8 సెకన్లలోపు రావాలి. రాకపోతే పేజీ క్యాషింగ్ (తయారైన పేజీని దాచి మళ్లీ వాడటం) పెట్టండి, సర్వర్‌కు ముందు ఒక సీడీఎన్ (పేజీల నకళ్లను చూసేవాళ్లకు దగ్గరి చోటు నుంచి పంపే సేవ) పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ చిన్న సైట్లకు సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే హోస్టింగ్ మార్చాల్సిందే.

8. ఊరి వివరాలు

బిజినెస్ ప్రొఫైల్‌లో ఉన్న పేరు, చిరునామా, ఫోన్ నంబర్, పనివేళలు సైట్‌లోనూ అచ్చం అలాగే ఉండాలి. ఒకచోట పాత నంబర్, ఇంకోచోట కొత్త నంబర్ ఉన్న దుకాణాలు ఎన్నో చూశాను. అవే వివరాలను జేసన్ ఎల్‌డీ రూపంలో లోకల్ బిజినెస్ స్కీమాగా (గూగుల్ సులువుగా అర్థం చేసుకునే కోడ్) పేజీలో పెట్టి, గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో తప్పుల్లేవని చూసుకోండి.

హెచ్చరిక: ప్రొఫైల్‌లో దుకాణం పేరు పక్కన "బెస్ట్ కడప స్టోన్ డీలర్" లాంటి తోకలు తగిలించకండి. బోర్డు మీదున్న పేరే రాయాలి. తోకలకు, కొన్న రివ్యూలకు ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదముంది. మళ్లీ తెచ్చుకోవడం పెద్ద టెన్షన్.

9. చివరగా తలుపు తీయండి

నిరుడు ఒక కోచింగ్ సెంటర్ సైట్ నా దగ్గరికి వచ్చింది. పేజీలు చక్కగా ఉన్నాయి, వేగం బాగుంది, ఎనిమిది నెలలైనా గూగుల్‌లో ఒక్క పేజీ లేదు. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీకి వెళ్లి చూస్తే, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే టిక్కు అలాగే ఉంది. కట్టేటప్పుడు పెట్టారు, తీయడం మరిచారు. అడ్మిషన్ల సీజన్ మొత్తం అలా పోయింది. ఆ సార్ ముఖం నాకింకా గుర్తుంది.

కాబట్టి సైట్ జనంలోకి వదిలిన రోజు ఈ మూడూ వరుసగా చూడండి: ఆ టిక్కు, పేజీలో నోఇండెక్స్ ట్యాగ్ (ఈ పేజీని జాబితాలోకి ఎక్కించవద్దని చెప్పేది), రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావచ్చో చెప్పేది) అడ్డు. రోబోట్స్ ఫైల్ గూగుల్‌ను లోపలికి రాకుండా ఆపుతుంది కానీ చిరునామా జాబితాలోకి ఎక్కకుండా ఆపదు. నిజంగా దాచాల్సిన పేజీకి నోఇండెక్స్ పెట్టి, రోబోట్స్‌లో అడ్డు తీసేయాలి. అడ్డు ఉంటే లోపలున్న నోఇండెక్స్‌ను గూగుల్ చదవలేదు.

తర్వాత సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల చిరునామాల జాబితా) ఇచ్చి, ముఖ్యమైన నాలుగైదు పేజీలకు ఇండెక్సింగ్ (గూగుల్ జాబితాలోకి ఎక్కించడం) అడగండి. రోజూ అడిగినందువల్ల త్వరగా రాదు.

పని అయిందో లేదో చూసుకోవడం

సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పేజీ చిరునామా ఇస్తే గూగుల్ దగ్గర ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. లైవ్ టెస్ట్‌లో గూగుల్‌కు కనిపించిన పేజీ ఫొటో కూడా చూడండి. మీ కళ్లకు కనిపించే ధరల పట్టిక అందులో లేకపోతే మళ్లీ 4వ దశకు వెళ్లాలి.

వేగం కొలవడానికి గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్. అందులో రెండు రకాల లెక్కలుంటాయి. కిందిది మధ్యరకం ఫోన్, నెమ్మది నెట్ అనుకుని అప్పటికప్పుడు చేసిన పరీక్ష, అంకె ప్రతిసారీ కొంచెం మారుతుంది. మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకోండి. పైది నిజంగా వచ్చినవాళ్ల ఫోన్లలో గత 28 రోజుల అనుభవం. నూటికి కనీసం 75 సందర్శనల్లో హద్దులోపల ఉంటేనే పాస్. ఈ రోజు బాగు చేసినది అక్కడ పూర్తిగా కనిపించడానికి నాలుగు వారాలు పడుతుంది, మర్నాడే చూసి దిగులు పడకండి. చిన్న సైట్లకు పైలెక్క రాకపోవచ్చు, అప్పుడు ఆ పాత ఆండ్రాయిడ్ ఫోనే మీకు కొలబద్ద.

లైట్‌హౌస్‌లో ఎస్‌ఈఓ 100 వస్తే సంబరపడకండి. మామూలు పొరపాట్లు లేవని మాత్రమే దానర్థం. అలాగే మీ ఫోన్‌లో మీరే వెతికి "మొదట వస్తోంది" అనుకోకండి. మీరున్న చోటును బట్టి, మీరు ఇంతకుముందు వెతికినవాటిని బట్టి ఫలితాలు మారతాయి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న బంధువుతో వెతికించండి. వారంలో మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసింది.

నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ఏ మాటకు మీ సైట్ కనిపించింది, ఎంతమంది నొక్కారు అని వరుసగా ఉంటుంది. బాగా పైన కనిపిస్తున్నా ఎవరూ నొక్కకపోతే టైటిల్ మార్చండి. మీరు రాయని విషయానికి సైట్ కనిపిస్తుంటే దానికో పేజీ రాయండి. బండల సైట్‌కు మూడో నెలలో ఆ జాబితాలో ఒక కొత్త ప్రశ్న వచ్చింది: కడప బండ మీద నూనె మరకలు ఎలా పోతాయని. ఆయనకు ఫోన్ చేసి అడిగితే పావుగంట చెప్పాడు. అదంతా రాసుకున్నాను, ఫొటోల కోసం ఈ ఆదివారం యూనిట్‌కు వెళ్తున్నాను.